చివరగా ఆగేది గుండె: పిల్లల్లో ప్రాణాపాయాన్ని ముందే పసిగట్టడం

పెద్దవాళ్లలో గుండె ఉన్నట్టుండి ఆగిందంటే కారణం చాలాసార్లు గుండెలోనే ఉంటుంది. రక్తనాళం పూడుకుపోతుంది, లయ తప్పుతుంది, అప్పటిదాకా మాట్లాడుతున్న మనిషి కూలిపోతాడు. పిల్లల్లో ఇది అరుదు. వాళ్లలో ముందు శ్వాస దెబ్బతింటుంది, లేదా రక్తప్రసరణ కుంగుతుంది. ఆక్సిజన్ అందక గుండె నెమ్మదిస్తూ వచ్చి చివరికి ఆగుతుంది. అలా ఆగినదాన్ని తిరిగి కొట్టుకునేలా చేయడం చాలా కష్టం. చేయగలిగినా మెదడు అప్పటికే దెబ్బతిని ఉండవచ్చు. అందుకే పిల్లల అత్యవసర వైద్యమంతా గుండె ఆగకముందు దొరికే వ్యవధి మీదే నిలబడింది. ఆ వ్యవధి కొన్ని నిమిషాలు కావచ్చు, కొన్ని గంటలు కావచ్చు. ఆ కాసేపట్లో బిడ్డ ఒళ్లు తన కష్టాన్ని చెబుతూనే ఉంటుంది, ఎక్కడ చూడాలో మనకు తెలియాలి.

ముట్టుకోకముందే తెలిసేవి

స్టెతస్కోపు తీయకముందే, బిడ్డ తల్లి ఒళ్లో ఉండగానే, కాస్త దూరం నుంచి అర నిమిషం చూస్తే మూడు సంగతులు తెలుస్తాయి: వాలకం, శ్వాసకు పడే శ్రమ, చర్మం రంగు. మూడింటిలో వాలకానిదే పెద్దపీట. కాళ్లూ చేతులూ ఆడిస్తున్నాడా, వేలాడేశాడా? చూపు మనిషి మీద నిలుస్తోందా, శూన్యంలోకి పోతోందా? గట్టిగా గుక్కపట్టి ఏడుస్తున్నాడంటే కనీసం గాలి అందుతోందని అర్థం. సన్నగా మూలుగుతూ, సూది గుచ్చినా పట్టించుకోని బిడ్డ ఎక్కువ భయపెట్టాలి. మామూలుగా పిల్లలు ఎత్తుకుంటే ఊరుకుంటారు. ఎత్తుకున్నకొద్దీ ఇంకా గోలపెట్టే నెలల బిడ్డలో మెదడు పొరల వాపు ఉందేమో చూడాలి, ఎందుకంటే కదిలించినప్పుడల్లా ఆ పొరలు సాగి నొప్పి పెరుగుతుంది. ‘ఎప్పటిలా లేడు’ అని తల్లి అంటే దాన్ని పరీక్షలో తేలిన గుర్తుగానే లెక్కించాలి. రోజూ చూసే కళ్లకు తెలిసే తేడా మొదటిసారి చూసే డాక్టరుకు తెలియకపోవచ్చు.

చామనఛాయ, నలుపు ఒళ్ల మీద పాలిపోవడం, నీలం తిరగడం తేలిగ్గా కనబడవు. పెదాలు, నాలుక, అరచేతులు, అరికాళ్లు చూడాలి. చర్మం మీద వలలాగా మచ్చలు మచ్చలుగా కనిపిస్తే రక్తం చర్మాన్ని వదిలి లోపలి అవయవాలకు మళ్లుతోందేమోనని అనుమానించాలి.

రెండు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ నాలుగు ప్రమాద చిహ్నాలు చెప్పింది: తాగలేకపోవడం లేదా రొమ్ము పట్టకపోవడం, తాగిందల్లా కక్కేయడం, ఈ జబ్బులో ఫిట్స్ రావడం, మత్తుగా లేదా స్పృహ లేకుండా ఉండటం. ఒక్కటి ఉన్నా ఆసుపత్రికి బయలుదేరాల్సిందే. రెండు నెలల లోపు శిశువుకు లెక్క ఇంకా కఠినం. జ్వరం 38 డిగ్రీల సెల్సియస్‌కు చేరినా, ఒళ్లు 35.5 కన్నా చల్లబడినా, బిడ్డ బాగానే కనిపిస్తున్నా ఆగకూడదు. ఆ వయసులో తీవ్రమైన ఇన్ఫెక్షన్ వేరే గుర్తేదీ చూపించకపోవచ్చు.

శ్వాస: అలుపు ఎప్పుడు మొదలైంది?

చిన్నపిల్లల శ్వాసనాళం ఎంత సన్నమో ఒక లెక్కతో తెలుస్తుంది. నాళం వ్యాసం 4 మిల్లీమీటర్లనుకుందాం. లోపలి పొర చుట్టూ ఒక్క మిల్లీమీటరు వాస్తే మిగిలే దారి 2 మిల్లీమీటర్లు. దారి సగమైతే గాలికి నిరోధం 16 రెట్లవుతుంది. అదే వాపు 10 మిల్లీమీటర్ల నాళంలో వస్తే నిరోధం రెండున్నర రెట్లే. పెద్దవాళ్లకు గొంతు బొంగురుపోయే జలుబు ఏడాది బిడ్డకు ఊపిరాడనివ్వకపోవడం ఇందుకే. పైగా కిలో బరువుకు పిల్లలు వాడే ఆక్సిజన్ పెద్దవాళ్లు వాడేదానికి దాదాపు రెట్టింపు. ఊపిరి ఆగితే ఒంట్లో నిల్వ చాలా త్వరగా అయిపోతుంది.

శ్వాసల్ని బిడ్డ నెమ్మదిగా ఉన్నప్పుడు పూర్తి నిమిషం లెక్కపెట్టాలి. శిశువుల ఊపిరి కాసేపు వేగంగా, కాసేపు ఆగుతూ సాగుతుంది కాబట్టి పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేస్తే తప్పు లెక్క వస్తుంది. రెండు నెలల లోపు 60, రెండు నుంచి పన్నెండు నెలల లోపు 50, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు 40, లేదా అంతకు మించితే వేగం ఎక్కువైనట్టు.

వేగం కన్నా శ్రమ ఎక్కువ చెబుతుంది. డొక్కలెగరేయడం, పక్కటెముకల కింద పొట్ట లోపలికి పీక్కుపోవడం, ముక్కుపుటాలు ఎగరడం, ఊపిరి తీసినప్పుడల్లా తల ఊగడం, ఇవన్నీ కండరాలు అదనంగా పనిచేస్తున్నాయనడానికి గుర్తులు. ఊపిరి వదిలినప్పుడల్లా వచ్చే చిన్న మూలుగు వీటన్నిటి కన్నా తీవ్రమైనది. ఊపిరితిత్తుల్లోని గాలిగదులు ముడుచుకుపోకుండా బిడ్డ తన స్వరపేటికను సగం మూసి గాలిని కాసేపు లోపల పట్టి ఉంచుతోంది. దాన్ని నొప్పి వల్ల వచ్చే మూలుగు అనుకుంటే పొరపాటు.

శబ్దం ఎప్పుడు వస్తోందన్నది అడ్డు ఎక్కడుందో చెబుతుంది. లోపలికి పీల్చేటప్పుడు గరగరమంటే అడ్డు గొంతు దగ్గర, వదిలేటప్పుడు పిల్లికూతలు వినిపిస్తే ఊపిరితిత్తుల్లోని సన్న గొట్టాల్లో.

ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. నిమిషానికి 70 సార్లు ఊపిరి తీస్తున్న బిడ్డ ఏ చికిత్సా లేకుండా 30కి దిగింది, డొక్కలు ఎగరడం తగ్గింది, కళ్లు మూసుకుంది. చుట్టూ ఉన్నవాళ్లు ‘నిద్రపట్టింది, తగ్గింది’ అనుకుంటారు. నిజానికి కండరాలు అలసిపోయి పని మానేస్తున్నాయి. తగ్గిన బిడ్డ కళ్లు తెరిచి చూస్తుంది, పాలు అడుగుతుంది. అలసిన బిడ్డ పిలిచినా పలకదు. ఆస్తమా పిల్లల్లో ఛాతీ మీద స్టెతస్కోపు పెడితే పిల్లికూతలు కూడా వినిపించకపోవడం ఇలాంటిదే, కూత పుట్టించేటంత గాలి కూడా కదలడం లేదని దాని అర్థం. వేలికి పెట్టే ఆక్సిమీటరును నమ్ముకుని కూర్చోవడం మరో పొరపాటు. ఆక్సిజన్ ఇస్తున్నప్పుడు అంకె 96 చూపిస్తూనే ఉంటుంది, లోపల బొగ్గుపులుసు వాయువు మాత్రం పేరుకుపోతూ మత్తు కమ్ముతుంది.

చికిత్సలో మొదటి సూత్రం ఏడిపించకపోవడం. ఏడ్చినప్పుడు ఇరుకు దారిలో గాలి సుడులు తిరిగి నిరోధం ఇంకా పెరుగుతుంది. కుక్క మొరిగినట్టు దగ్గుతూ గొంతు గరగరలాడే బిడ్డను తల్లి ఒళ్లోనే ఉంచి ఆక్సిజన్ ముఖానికి దగ్గరగా పట్టాలి. వాపు తగ్గించే స్టెరాయిడ్ డెక్సామెథసోన్ కిలోకు 0.15 నుంచి 0.6 మిల్లీగ్రాములు ఒకే మోతాదుగా నోటి ద్వారా ఇస్తారు. అవస్థ ఎక్కువగా ఉంటే 1:1000 (మి.లీ.లో 1 మిల్లీగ్రాము) అడ్రినలిన్ కిలోకు 0.5 మి.లీ. చొప్పున, 5 మి.లీ. మించకుండా నెబ్యులైజ్ చేస్తారు, అంటే సన్న తుంపరగా మార్చి పీల్పిస్తారు. దీని గుణం రెండు గంటల్లోపే దిగిపోవచ్చు, అందుకని వెంటనే ఇంటికి పంపకూడదు. తీవ్ర జ్వరంతో చొంగ కారుస్తూ, ముందుకు వంగి, గడ్డం చాచి కూర్చున్న బిడ్డ గొంతులో బద్ద పెట్టి చూడటం ప్రమాదం, ఉన్న కాస్త దారి కూడా మూసుకుపోవచ్చు.

ఆస్తమాలో సాల్బుటమాల్ నెబ్యులైజేషన్ (20 కిలోల లోపు 2.5 మిల్లీగ్రాములు, పైన 5) మొదటి గంటలో 20 నిమిషాలకోసారి ఇవ్వాలి, స్టెరాయిడ్ కూడా ఆ గంటలోనే పడాలి. స్టెరాయిడ్ పనిచేయడానికి గంటలు పడుతుంది కనుక దాన్ని తర్వాత చూద్దామంటే ఆ గంటలు పోయినట్టే. ఏడాది లోపు శిశువులకు వైరస్ వల్ల వచ్చే బ్రాంకియోలైటిస్‌లో (ఊపిరితిత్తుల సన్న గొట్టాల వాపులో) మాత్రం ఈ రెండు మందులూ పెద్దగా పనిచేయవు. ఆక్సిజన్, ముక్కు శుభ్రం, పాలు లేదా ద్రవాలు, ఇవే చికిత్స.

గొంతులో ఏదైనా ఇరుక్కుంటే ముందు చూడాల్సింది బిడ్డ దగ్గగలుగుతోందా అని. గట్టిగా దగ్గుతుంటే దగ్గనివ్వాలి. చప్పుడు లేకుండా నోరు తెరిచి నీలం తిరుగుతుంటే ఏడాది లోపు బిడ్డను ముంజేతి మీద బోర్లా, తల కిందికి ఉండేలా పట్టుకుని రెక్కల మధ్య మణికట్టు భాగంతో 5 చరుపులు చరచాలి. తర్వాత వెల్లకిలా తిప్పి రొమ్ము ఎముక మీద 5 నొక్కులు నొక్కాలి. వస్తువు బయటపడేదాకా ఇదే వరస. ఏడాది దాటితే 5 చరుపులు, 5 పొట్ట నొక్కులు. శిశువు పొట్ట మాత్రం నొక్కకూడదు, కాలేయం చిట్లవచ్చు. కనబడని వస్తువు కోసం నోట్లో వేలు తిప్పితే అది ఇంకా లోతుకు పోతుంది. స్పృహ తప్పితే వెంటనే సీపీఆర్, అంటే ఛాతీ నొక్కులు, నోటితో శ్వాసలు.

షాక్: రక్తపోటు చెప్పే అబద్ధం

షాక్ అంటే ఒంట్లోని అవయవాలకు సరిపడా రక్తం అందకపోవడం. పది కిలోల బిడ్డ ఒంట్లో రక్తం సుమారు 800 మి.లీ. ఒక గ్లాసెడు, అంటే 200 మి.లీ. పోతే నాలుగో వంతు పోయినట్టు. అయినా రక్తపోటు మామూలుగానే ఉండవచ్చు. పిల్లల గుండె ఒక్కో కొట్టుకు పంపే రక్తాన్ని పెద్దగా పెంచలేదు, అందుకని వేగం పెంచుతుంది. చర్మానికీ పేగులకూ వెళ్లే నాళాలు గట్టిగా బిగుసుకుంటాయి. ఈ రెండు ఎత్తులతో రక్తపోటు చాలాసేపు నిలుస్తుంది, నిలవలేనప్పుడు ఒక్కసారిగా పడిపోతుంది. ఒకటి నుంచి పదేళ్ల పిల్లల్లో పై అంకెకు కనీస హద్దు 70కి వయసు రెట్టింపును కలిపితే వస్తుంది. నాలుగేళ్ల బిడ్డకు 78. ఆ హద్దు దాటి కిందికి పడిందంటే బాగా ఆలస్యమైందని అర్థం. రక్తపోటు బాగుంది కదా అని షాక్ లేదనుకోవడం పిల్లల వైద్యంలో అతి ఖరీదైన పొరపాటు.

అంతకన్నా ముందు మారేవి మూడు. నాడి వేగం: జ్వరం ఒక్కో డిగ్రీకి సుమారు 10 పెంచుతుంది, ఏడుపూ పెంచుతుంది. జ్వరం దిగాక, బిడ్డ శాంతించాక కూడా శిశువులో 180, ఏడాది నుంచి ఐదేళ్ల పిల్లల్లో 160 దాటి ఉంటే కారణం వెతకాలి. చేతులు కాళ్ల చల్లదనం: వెనక చేత్తో పాదం నుంచి పైకి తాకుతూ వస్తే ఎక్కడ వెచ్చబడుతోందో తెలుస్తుంది. ఆ గీత మోకాలి వైపు జరుగుతోందంటే పరిస్థితి దిగజారుతోంది. మూడోది రక్తం తిరిగి నిండే సమయం. రొమ్ము ఎముక మీద లేదా గుండె ఎత్తుకు లేపిన చేతి గోటి మీద 5 సెకన్లు నొక్కి వదిలితే 2 సెకన్లలో రంగు తిరిగి రావాలి. చలి గదిలో వేలి మీద చూసి కంగారుపడకూడదు. కొన్ని సెప్సిస్ (ఇన్ఫెక్షన్ వల్ల అవయవాలు దెబ్బతినే స్థితి) కేసుల్లో ఇందుకు తలకిందులుగా ఒళ్లు వెచ్చగా, రంగు తటాలున తిరిగి వస్తూ, నాడి ఎగసి కొడుతూ ఉంటుంది. అదీ షాకే.

విరేచనాలతో ఒంట్లో నీరు బాగా పోయిన బిడ్డకు నరంలోకి ఎక్కించే రింగర్ లాక్టేట్ ద్రవం కిలోకు 100 మి.లీ. లెక్క: ఏడాది లోపైతే గంటలో 30, తర్వాతి 5 గంటల్లో 70, ఏడాది దాటితే అర గంటలో 30, తర్వాతి రెండున్నర గంటల్లో 70. తీవ్ర పోషకాహార లోపం ఉన్న బిడ్డకు ఈ వేగం పనికిరాదు, గుండె తట్టుకోలేదు. బక్కచిక్కిన బిడ్డలో లోతుకుపోయిన కళ్లు, గిల్లితే నిలిచే చర్మం నీరు పోకున్నా ఉంటాయి కాబట్టి ఆ గుర్తుల మీద కూడా ఆధారపడకూడదు.

సెప్సిస్‌లో ఎంత సెలైన్ ఇవ్వాలన్నది చాలాకాలం తేలికైన ప్రశ్నగా ఉండేది. కెన్యా, ఉగాండా, టాంజానియాల్లో 3,141 మంది పిల్లల మీద జరిగి 2011లో వెలువడిన ఫీస్ట్ అధ్యయనం దాన్ని కుదిపేసింది. జ్వరంతో, రక్తప్రసరణ తగ్గి వచ్చిన పిల్లల్లో వేగంగా సెలైన్ ఎక్కించినవాళ్లలో 48 గంటల్లో 10.5 శాతం చనిపోతే, అలా ఎక్కించనివాళ్లలో 7.3 శాతం చనిపోయారు. అక్కడ వెంటిలేటర్లు, ఐసీయూలు లేవు. చాలామందికి మలేరియా, రక్తహీనత ఉన్నాయి. దీన్నిబట్టి సెలైన్ విషమని తేల్చడం సరికాదు, అధ్యయనాన్ని పక్కన పెట్టేయడమూ సరికాదు. 2020 అంతర్జాతీయ సెప్సిస్ మార్గదర్శకాలు రెండు దారులు వేరు చేశాయి. ఐసీయూ ఉన్నచోట కిలోకు 10 నుంచి 20 మి.లీ. చొప్పున విడతలుగా, మొదటి గంటలో 40 నుంచి 60 దాకా. ఐసీయూ లేనిచోట రక్తపోటు పడకపోతే బోలస్ (ఇలా వేగంగా ఎక్కించే విడత) వద్దు. ఎక్కడైనా సరే, ప్రతి విడత తర్వాత బిడ్డను మళ్లీ చూడాలి. కాలేయం అంచు కిందికి దిగినా, ఊపిరితిత్తుల్లో కొత్తగా గురగురలు వినిపించినా, ఆయాసం పెరిగినా ఆపాలి. గుండె కండరమే దెబ్బతిన్న బిడ్డకు ద్రవం ప్రాణం తీస్తుంది. యాంటీబయాటిక్ మాత్రం షాక్ ఉంటే గంటలోపే పడాలి. నరం దొరకలేదని దాన్ని ఆపకూడదు. నిమిషం, నిమిషంన్నరలో నరం దొరక్కపోతే మోకాటి కింది గుబ్బకు కాస్త దిగువన, లోపలి వైపు చదునైన ఎముకలోకి సూది వేస్తారు. నరంలోకి ఇచ్చే ద్రవమూ మందూ అత్యవసరంలో ఆ ఎముకలోకీ ఇవ్వవచ్చు.

ఫిట్స్, చక్కెర, అలర్జీ

ఫిట్స్ మొదలవగానే గడియారం చూడాలి. ఎక్కువ ఫిట్స్ 5 నిమిషాల్లోపే ఆగుతాయి, దాటినవి వాటంతట అవి ఆగే అవకాశం తగ్గిపోతూ వస్తుంది. బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. పళ్ల మధ్య ఏమీ పెట్టకూడదు, నోట్లో ఏమీ పోయకూడదు. 5 నిమిషాలు దాటితే మిడజోలమ్ బుగ్గలో కిలోకు 0.3 మిల్లీగ్రాములు లేదా ముక్కులో 0.2, లేకుంటే మలద్వారంలో డయజెపామ్ 0.5. నరం ఉంటే లోరజెపామ్ 0.1, గరిష్ఠంగా 4 మిల్లీగ్రాములు. తరచూ జరిగే తప్పు ఊపిరి ఆగుతుందేమోనన్న భయంతో సగం మోతాదు ఇవ్వడం. ఫిట్స్ ఆగవు, రెండోసారి, మూడోసారి ఇవ్వాల్సి వస్తుంది, చివరికి భయపడిందే జరుగుతుంది. పూర్తి మోతాదులు రెండు పడ్డాక కూడా ఆగకపోతే లెవెటిరాసెటమ్, ఫాస్‌ఫెనిటాయిన్, వాల్‌ప్రోయేట్‌లలో ఏదో ఒకటి. 2019లో వెలువడిన ఈసెట్ అధ్యయనంలో మూడూ దాదాపు సగం మందిలో, సమానంగా పనిచేశాయి. ఏది మంచిదని ఆలోచించడం కన్నా చేతికందింది త్వరగా ఇవ్వడం మేలు.

ఫిట్స్ వచ్చిన, స్పృహ తప్పిన, షాక్‌లో ఉన్న ప్రతి బిడ్డకూ రక్తంలో చక్కెర చూడాలి. డెసిలీటరుకు 54 మిల్లీగ్రాముల కన్నా తగ్గితే 10 శాతం డెక్స్‌ట్రోజ్ కిలోకు 5 మి.లీ. దాకా ఇస్తారు. 50 శాతం ద్రవం మాత్రమే ఉంటే 10 మి.లీ.కి 40 మి.లీ. ఇంజెక్షన్ నీళ్లు కలిపితే 10 శాతం అవుతుంది. నరం దొరికేలోపు చెంచా చక్కెరను రెండు చుక్కల నీళ్లతో తడిపి నాలుక కింద ఉంచవచ్చు.

తీవ్ర అలర్జీకి మందు ఒక్కటే: అడ్రినలిన్, తొడ బయటి వైపు మధ్యలో, కండరంలోకి. 1:1000 ద్రవం కిలోకు 0.01 మి.లీ., చిన్నపిల్లలకు 0.3 మి.లీ. మించకుండా. తగ్గకపోతే 5 నిమిషాల తర్వాత మళ్లీ. దద్దుర్లు తగ్గించే మాత్ర ఊపిరిని కాపాడదు. బిడ్డను పడుకోబెట్టి కాళ్లు ఎత్తి ఉంచాలి (ఆయాసముంటే కూర్చోనివ్వాలి). ఉన్నట్టుండి లేచి నిలబడితే గుండెకు రక్తం తిరిగి రాక కుప్పకూలవచ్చు.

గుండె ఆగినప్పుడు

స్పందన లేదు, ఊపిరి లేదు లేదా ఎగశ్వాస ఉంది అంటే నాడి కోసం వెతుకుతూ 10 సెకన్లు మించి ఆగకూడదు. నాడి దొరికినా నిమిషానికి 60 లోపు ఉండి, ఒళ్లు చల్లబడి పాలిపోయి ఉంటే నొక్కులు మొదలుపెట్టాలి. ఛాతీ మందంలో మూడో వంతు, అంటే శిశువుకు 4, పెద్దపిల్లలకు 5 సెంటీమీటర్లు, నిమిషానికి 100 నుంచి 120. ఒక్కరే ఉంటే 30 నొక్కులకు 2 శ్వాసలు, ఇద్దరుంటే 15కి 2. శిశువు ఛాతీని రెండు చేతులతో చుట్టి రెండు బొటనవేళ్లతో నొక్కితే లోతు బాగా వస్తుంది. పిల్లల్లో ఊపిరి ఊదకుండా నొక్కులు మాత్రమే ఇస్తే అసలు లోటు తీరదు, నీళ్లలో మునిగిన బిడ్డకైతే మొదట ఇవ్వాల్సింది శ్వాసే. ఊదితే ఛాతీ లేవకపోతే ఎక్కువసార్లు తప్పు తల పొజిషన్‌లో ఉంటుంది. శిశువు తల వెనక భాగం పెద్దది కనుక వెల్లకిలా పడుకోబెడితే మెడ ముందుకు వంగి దారి మూసుకుంటుంది. భుజాల కింద మడతపెట్టిన గుడ్డ ఉంచితే తెరుచుకుంటుంది.

చప్పుడు చేయని రెండు

నవజాత శిశువు ఆకుపచ్చగా కక్కితే, పొట్ట మెత్తగా ఉన్నా, పేగు మెలిపడిందేమోనని అదే గంటలో సర్జన్‌కు చూపించాలి. కాయిన్ లాంటి బటన్ బ్యాటరీ అన్నవాహికలో ఇరుక్కుంటే చుట్టూ క్షారం పుట్టి రెండు గంటల్లోనే కాలడం మొదలవుతుంది. బిడ్డ కాస్త చొంగ కార్చడం తప్ప ఏ బాధా చూపించకపోవచ్చు. మింగి 12 గంటలు దాటకపోతే, బిడ్డకు ఏడాది నిండితే, ఆసుపత్రికి వెళ్లే దారిలో 10 నిమిషాలకోసారి రెండు చెంచాల తేనె, ఆరు విడతలు మించకుండా ఇవ్వవచ్చు. తేనె కోసం ప్రయాణం ఆపకూడదు. కక్కించకూడదు.

దశాంశ బిందువు

పిల్లల మోతాదులన్నీ బరువు మీద ఆధారపడతాయి. తూచే వీలు లేకపోతే ఒకటి నుంచి పదేళ్ల పిల్లలకు వయసుకు 4 కలిపి రెట్టింపు చేస్తే ఉజ్జాయింపు బరువు వస్తుంది: మూడేళ్ల బిడ్డకు 14 కిలోలు. హడావుడిలో పది రెట్ల తప్పులు జరిగేది ఎక్కువగా అడ్రినలిన్‌తో. పది కిలోల బిడ్డకు అలర్జీలో కండరంలోకి 1:1000 ద్రవం 0.1 మి.లీ., గుండె ఆగితే నరంలోకి 1:10,000 ద్రవం 1 మి.లీ. రెండిట్లో ఉన్న మందు ఒకటే, 0.1 మిల్లీగ్రాము, తేడా నీళ్లదే. ఆంప్యూల్‌లోని 1 మి.లీ.ని 10 మి.లీ. సిరంజిలో 10 దాకా పలచన చేసి, ఆ సిరంజి మీద వెంటనే పేరు అతికించాలి. రాసేటప్పుడు ‘.1’ అనకుండా ‘0.1’ అనాలి, ‘1.0’ అనకుండా ‘1’ అనాలి, లేకుంటే చుక్క కనబడక మోతాదు పది రెట్లవుతుంది. బిడ్డ దారిలో ఉందని ఫోన్ రాగానే, బరువు అడిగి, ఈ అంకెలన్నీ ఒక కాగితం మీద వేసి మంచం తలవైపు గోడకు అంటించాలి. మందు తీసేవాళ్లు పైకి చదవాలి, రెండో మనిషి ఆ కాగితం చూసి అవునన్నాకే సూది ఎక్కాలి.